ధ్రువ అన్వేషకుల సర్వే, డ్రాయింగ్ పరికరాలను పరిశీలించి భద్రపరిచే పద్ధతి

ఫలానా ధ్రువ అన్వేషకుడు వాడినవని చెప్పే సర్వే పరికరాలో, డ్రాయింగ్ పెట్టో చేతికి వచ్చినప్పుడు మొదటి నియమం ఒక్కటే: దాన్ని వెంటనే శుభ్రం చేయకూడదు. పంతొమ్మిదో శతాబ్దంలో దూరాలు కొలిచే రెండు మొనల డివైడర్లు, సిరా గీతలు గీసే రూలింగ్ పెన్నులు, ఏనుగు దంతపు స్కేళ్లు విస్తారంగా తయారయ్యాయి కనుక వస్తువులుగా అవి అంత అరుదైనవి కావు. వాటిని ఒక మనిషికి, ఒక యాత్రకు ముడివేసే ఆధారాలు మాత్రం అరుదు. ఆ ఆధారాలు మూత లోపల అంటించిన కాగితంలో, పెట్టెలోని పైఅర అడుగుభాగాన ఉన్న పెన్సిల్ రాతలో, ఇత్తడి మీద సూదిమొనతో గీసిన పొడి అక్షరాల్లో ఉంటాయి. మెరుగు పెట్టే గుడ్డకు ముందుగా బలయ్యేవి అవే. అందువల్ల ముందు నమోదు, తరువాత విచారణ, ప్రమాదకరమైన పదార్థాల గుర్తింపు, చివరికి శుభ్రత అనే క్రమాన్ని పాటించాలి.

నమోదును పెట్టె మూత తెరిచిన క్షణం నుంచే ఆరంభించాలి. ఒక్క పరికరాన్నీ కదపకముందే పైనుంచి ఫొటో తీసి, ఆ తరువాత ఒక్కొక్కదాన్ని బయటికి తీస్తూ దాని రెండు వైపులను, అది ఉన్న గుంటను విడిగా ఫొటో తీయాలి. గుంట ఆకారానికి సరిపోని వస్తువు తరువాతి కాలంలో వచ్చి చేరినది కావచ్చు. ఖాళీగా ఉన్న గుంట కూడా సమాచారమే కనుక దాని కొలతలు రాసుకోవాలి. పైఅరను ఎత్తి దాని అడుగుభాగాన్ని, మఖమల్ ఊడిన చోట్లను చూడడం చాలామంది మరచిపోతారు. అరిగిపోయిన అక్షరాలు నేరుగా పడే వెలుతురులో కనిపించవు. గది చీకటి చేసి, చిన్న దీపాన్ని లోహపు ఉపరితలానికి దాదాపు సమాంతరంగా పక్కనుంచి వేస్తే గీతల నీడలు లేచి పేరు చదవడానికి వీలవుతుంది. చేతి చెమటలోని లవణాలు ఇత్తడిపై మరకలు వేస్తాయి కాబట్టి నైట్రైల్ (కృత్రిమ రబ్బరు) తొడుగులు ధరించాలి. నూలు తొడుగులు డివైడర్ల మొనలకు చిక్కుకుంటాయి.

పేరు దొరికిందంటే విచారణ మొదలైందనే అర్థం. అన్వేషకుడి దగ్గర ఉన్నవన్నీ అతని సొంత వస్తువులు కావు. బ్రిటిష్ నౌకాదళపు పరికరాలపై బాణపు మొన ఆకారంలో ఉండే ప్రభుత్వ ముద్ర కనిపిస్తుంది. లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ కూడా యాత్రికులకు పరికరాలను అరువిచ్చేది. కోణాలు కొలిచే దూరదర్శిని పరికరమైన ఖరీదైన థియోడొలైట్ యాత్ర ఆస్తిగానో, అరువుగానో వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. అధికారి తన డబ్బుతో కొనుక్కుని ఎక్కడికైనా వెంట తీసుకువెళ్లే వస్తువు డ్రాయింగ్ పెట్టె. సొంత ఆస్తి అన్న మాటను థియోడొలైట్ విషయంలో కంటే డ్రాయింగ్ పెట్టె విషయంలో సులభంగా నమ్మవచ్చని నా అభిప్రాయం. 1859లో కెనడా ఆర్కిటిక్‌లోని కింగ్ విలియం దీవిలో, విక్టరీ పాయింట్ దగ్గర, అక్కడే నశించిపోయిన బ్రిటిష్ ఫ్రాంక్లిన్ యాత్ర వదిలిపెట్టిన సామగ్రి మధ్య ఫ్రెడరిక్ హార్న్‌బీ పేరు చెక్కిన సెక్‌స్టాంట్ (సూర్యుడు, నక్షత్రాల ఎత్తును కొలిచే పరికరం) దొరికింది. హార్న్‌బీ ఆ యాత్రలోని టెర్రర్ నౌకలో పనిచేసినవాడు. అక్కడ పేరు కంటే బలమైన సాక్ష్యం, దాన్ని కనుగొన్నవారు ఎక్కడ, ఏ వస్తువులతోపాటు దొరికిందో అప్పుడే రాసి ప్రచురించడం. పేరు ఎవరైనా, ఎప్పుడైనా చెక్కించగలరు. ఆనాటి రాతను తరువాత సృష్టించడం చాలా కష్టం.

తయారీదారు పేరు, చిరునామా కాలాన్ని తేల్చడానికి ఎంతో పనికివస్తాయి. ‘కుక్, ట్రౌటన్ అండ్ సిమ్స్’ అన్న పేరు 1922లో జరిగిన సంస్థల కలయికతో వచ్చింది కాబట్టి, ఆ పేరున్న థియోడొలైట్ బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ దక్షిణ ధ్రువ యాత్రకు 1910లో బయలుదేరిన టెర్రా నోవా నౌకలో ప్రయాణించి ఉండదు. డబ్ల్యూ. ఎఫ్. స్టాన్లీ సంస్థ 1850 దశకంలో మొదలైంది. దాని పేరున్న పెట్టెను 1845లో బయలుదేరిన ఫ్రాంక్లిన్ యాత్రకు అంటగట్టడం కుదరదు. సెక్‌స్టాంట్ పెట్టె మూతలో పరీక్షా పత్రం ఉంటే దాని మీది సంఖ్య, పరికరపు చాపం (డిగ్రీల గీతలున్న వంపు భాగం) మీది సంఖ్య ఒకటేనా అని సరిచూడాలి. బ్రిటన్‌లోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ 1900లో ఏర్పడింది కనుక ఆ సంస్థ ఇచ్చిన పత్రం అంతకు ముందటిది కాజాలదు. అయితే ఇక్కడ తొందర పనికిరాదు. పరికరం మీది పేరు తయారుచేసినవారిది కాక అమ్మినవారిదో, బాగుచేసినవారిదో కావచ్చు. అన్వేషకుడు యాత్ర తరువాత ముప్పై ఏళ్లు బతికి కొత్త పెట్టె కొనుక్కొని ఉండవచ్చు కూడా. అలాంటప్పుడు అది అతనిదే అవుతుంది, కానీ మంచుఖండం చూసినది కాదు. అమ్మేవారు ఈ రెండింటినీ తరచుగా కలిపేస్తుంటారు.

ఆ తరువాత పరికరం ఆ యాత్ర పనితీరుకు పొసగుతుందా అని చూడాలి. నార్వే అన్వేషకుడు అముండ్‌సెన్ బృందం 1911 డిసెంబరులో దక్షిణ ధ్రువం దగ్గర తన స్థానాన్ని సెక్‌స్టాంట్లతో, క్షితిజరేఖకు బదులు పాదరసపు ఉపరితలాన్ని అద్దంలా వాడే కృత్రిమ క్షితిజంతో నిర్ధారించుకుంది. 1912 జనవరి 17న అక్కడికి చేరిన స్కాట్ బృందం థియోడొలైట్ వాడింది. స్కాట్ యాత్రలోనే ఫ్రాంక్ డెబెన్‌హామ్ ప్లేన్ టేబుల్‌తో (ఆరుబయటే పటం గీసే ముక్కాలి పలకతో) పటాలు గీశాడు. కృత్రిమ క్షితిజంలో పోసే పాదరసం సున్నాకు దిగువన 38.8 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది కనుక, నడి శీతాకాలపు స్లెడ్జి ప్రయాణంలో దాన్ని వాడారన్న కథను వెంటనే ఒప్పుకోకూడదు. మంచు వల్ల మొనలు అరిగాయి, చలికి ఇత్తడి నల్లబడింది వంటి మాటలను నేను పట్టించుకోను. ఏ డ్రాయింగ్ ఆఫీసులో వాడినా మొన అలాగే అరుగుతుంది. దినచర్యలు, పరికరాల జాబితాలు, ప్రచురితమైన పరిశీలనల పట్టికలు చూస్తే ఫలితం ఉంటుంది. కేంబ్రిడ్జ్‌లోని స్కాట్ పోలార్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియం, ఓస్లోలోని ఫ్రామ్ మ్యూజియం వంటి చోట్ల పోల్చి చూడదగిన వస్తువులు ఉన్నాయి. కుటుంబంలో చెప్పుకునే కథను చెప్పినవారి మాటల్లోనే తేదీతో సహా రాసుకోవాలి, కానీ రుజువుల జాబితాలో చేర్చకూడదు. అంటార్కిటికాలోని యాత్రికుల గుడిసె నుంచి తెచ్చిందని ఎవరైనా గొప్పగా చెబితే, ఎప్పుడు, ఎవరి అనుమతితో తెచ్చారని అడగాలి. 1991 నాటి మాడ్రిడ్ ప్రోటోకాల్ గుర్తింపు పొందిన చారిత్రక స్థలాల నుంచి వస్తువులను తొలగించడాన్ని నిషేధిస్తుంది.

శుభ్రతకు ముందు నాలుగు పదార్థాలను గుర్తించాలి. కృత్రిమ క్షితిజపు ఇనుప సీసాలో పాదరసం మిగిలి ఉండవచ్చు. దాన్ని ఊపి చూడకుండా, మూత తీయకుండా నిపుణులకు అప్పగించాలి. ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ల దిక్సూచి ముఖం మీద చీకట్లో వెలిగే రంగు ఉంటే అందులో రేడియం ఉండవచ్చు. వెలుగు ఆగిపోయినా వికిరణం ఆగదు కనుక గాజును విప్పకూడదు. పసుపురంగు తిరిగి, కర్పూరం వాసన వేసే పారదర్శక ప్రోట్రాక్టర్ సెల్యులాయిడ్‌ది. అది సులభంగా మండుతుంది, కుళ్లేటప్పుడు వెలువడే ఆమ్లపు ఆవిరి పక్కనున్న లోహాన్ని తినేస్తుంది. నాలుగోది దంతం. ఎముక మీద సన్నని నల్లటి చుక్కలు, గీతలు కనిపిస్తాయి, దంతం మీద అవి ఉండవు. కాల్చిన సూదితో పరీక్షించే పాత అలవాటు వస్తువును పాడుచేస్తుంది. బ్రిటన్‌లో దంతపు వస్తువుల క్రయవిక్రయాలను నిషేధించే 2018 నాటి దంత చట్టం 2022 జూన్ 6 నుంచి అమలులో ఉంది. 1947కు ముందు తయారై, ఘనపరిమాణంలో 10 శాతం కంటే తక్కువ దంతం ఉన్న వస్తువులకు అది ఇచ్చే మినహాయింపు, పూర్తిగా దంతంతో చేసిన స్కేలుకు వర్తించదు. దేశం దాటించాలంటే అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందపు అనుమతుల సంగతి కూడా ముందే తెలుసుకోవాలి.

శుభ్రత విషయానికి వస్తే, ఎక్కువ సందర్భాల్లో మెత్తని కుంచెతో ధూళి దులపడంతో ఆగిపోవాలి. పాత ఇత్తడి మీద బంగారు ఛాయలో కనిపించేది సాధారణంగా లక్క పూత. స్పిరిట్ తగిలితే అది కరిగిపోతుంది, మెరుగు ముద్దతో రుద్దితే ఊడిపోతుంది. అమోనియా కలిసిన ద్రావణాలు ఇత్తడిలో పగుళ్లు తెప్పించగలవు. జర్మన్ సిల్వర్ అనే మిశ్రమంలో రాగి, నికెల్, జింకు ఉంటాయే తప్ప వెండి ఉండదు కనుక వెండికి వాడే ద్రావణాలు దానికి పనికిరావు. సెక్‌స్టాంట్ చాపంలో పొదిగిన వెండి పట్టీని మాత్రం దేనితోనూ రుద్దకూడదు, ఎందుకంటే దాని మీది విభజన గీతలు ఎంతో సన్నగా ఉంటాయి, ఒకసారి అరిగితే వెర్నియర్ (సన్నని కొలతలు చూపే చిన్న స్కేలు) చదవడం ఇక సాధ్యం కాదు. రూలింగ్ పెన్ను రెక్కల మధ్య ఎండిన సిరాను గీకకూడదు, అది ఏదో ఒక పటం మీది సిరాతో పోల్చడానికి పనికిరావచ్చు. బిగుసుకున్న మరను బలవంతంగా తిప్పితే తల విరుగుతుంది. పాత థియోడొలైట్ల దూరదర్శినిలో అడ్డుగీతలుగా సాలెపురుగు దారం వాడేవారు, కాబట్టి కటకం విప్పి లోపల ఊదడం వంటి పనులు చేయకూడదు. అద్దాలకు కొత్త పూత వేయించడం మరో చెడ్డ అలవాటు. ఉక్కు మొనలకు తుప్పు పడుతుంటే సన్నని మైక్రోక్రిస్టలిన్ మైనపు పొర సరిపోతుంది, నూనె అక్కర్లేదు.

భద్రపరిచే చోట గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య నిలకడగా ఉంటే మంచిది. తేమ పెరిగి తరుగుతుంటే దంతం వంగి చీలుతుంది, మహాగనీ పెట్టె మూత బిగుసుకుపోతుంది. ఉన్ని, పట్టు అస్తరులను చిమ్మటల కోసం అప్పుడప్పుడు పరిశీలించాలి. సెల్యులాయిడ్ వస్తువులను పెట్టెలోంచి తీసి, చల్లగా, గాలి ఆడే చోట విడిగా ఉంచి, వాటి గుంటలో ఆ సంగతి రాసిన ఆమ్లరహిత కాగితం పెట్టాలి. పరికరాల మీద సంఖ్యలు చెక్కడం, అంటుపట్టీలు వేయడం మానేసి నూలుదారంతో చీటీ కట్టాలి. ఫొటోలు, ఉత్తరాలు, వేలం చీటీల నకళ్లకు అదే సంఖ్య వేసి పెట్టెకు దూరంగా మరోచోట ఉంచాలి. పరికరాలను ఎవరికైనా ఇచ్చేటప్పుడు, రుజువైనవి ఏవో, కుటుంబం చెప్పినవి ఏవో, మన ఊహలు ఏవో విడివిడిగా రాసిన కాగితం కూడా వాటితో పాటు వెళ్లాలి.