లినక్స్ డెస్క్‌టాప్‌లో మసకబారిన అక్షరాలను సరిచేసుకోవడం ఎలా?

బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్న మా మేనల్లుడు ఈ మధ్య కంప్యూటర్ సామాను దొరికే ఎస్‌పీ రోడ్డుకు వెళ్లి 24 అంగుళాల పాత మానిటర్ ఒకటి కొని, ఉబుంటు అనే లినక్స్ వేసుకున్న తన ల్యాప్‌టాప్‌కు తగిలించాడు. ఇంగ్లిషు ఎలాగోలా చదువుకుంటున్నాడు కానీ, తెలుగు పేజీ తెరిస్తే 'లక్ష్మి'లో వత్తు ఎక్కడుందో, గుడి ఎక్కడుందో తెలియడం లేదట. "మామయ్యా, ఏ ఫాంటు వేసుకోమంటావు?" అని ఫోన్ చేశాడు. ఫాంటు జోలికి ఇప్పుడే పోవద్దన్నాను. ఫ్రీటైప్ అనే సాఫ్ట్‌వేర్ అక్షరాన్ని చుక్కలుగా (పిక్సెళ్లుగా) గీస్తుంది, డెస్క్‌టాప్ అవసరాన్ని బట్టి ఆ బొమ్మను సాగదీస్తుంది, కేబుల్ మోసుకొస్తుంది, మానిటర్ చూపిస్తుంది. వీటిలో ఎక్కడ తేడా వచ్చినా కంటికి కనిపించేది మసకే కాబట్టి, ముందుగా చోటు తేల్చుకోవాలి.

అందుకు తేలికైన ఉపాయం స్క్రీన్‌షాట్. మసకగా ఉన్న భాగాన్ని ప్రింట్ స్క్రీన్ మీటతో తీసి, ఆ ఫైలును ఫోన్‌కు పంపి, పెద్దది చేసి చూడండి. వాట్సాప్‌లో పంపేట్లయితే డాక్యుమెంట్‌గా పంపాలి. ఫొటోగా పంపితే అది కుదించి తానే మసక చేస్తుంది. ఫోన్‌లో అక్షరాల అంచులు శుభ్రంగా కనిపిస్తే లోపం మానిటర్, కేబుల్, రిజల్యూషన్ (తెరమీది చుక్కల లెక్క) వైపు ఉన్నట్టు. ఫోన్‌లోనూ అలుక్కుపోయినట్టు ఉంటే లోపం సాఫ్ట్‌వేర్‌లో ఉన్నట్టు.

మావాడి స్క్రీన్‌షాట్ శుభ్రంగా వచ్చింది. సెట్టింగ్స్‌లోని డిస్‌ప్లేస్ తెరిపిస్తే, రెండు తెరలూ ఒకే బొమ్మను చూపించే 'మిర్రర్' పద్ధతిలో ఉన్నాయి. అలా పెట్టినప్పుడు రెండింటికీ ఒకే రిజల్యూషన్ ఉండాలి కనుక, 1920×1080 చుక్కల మానిటర్ కూడా ల్యాప్‌టాప్‌కు తగ్గ తక్కువ రిజల్యూషన్‌కు దిగి, వచ్చిన బొమ్మను తన తెర నిండా సాగదీసి చూపిస్తోంది. 'మిర్రర్' బదులు రెండు తెరలనూ పక్కపక్కన కలిపే 'జాయిన్' ఎంచుకుని, మానిటర్‌కు దాని సొంత రిజల్యూషన్ ఇవ్వగానే సగం సమస్య తీరింది. మిగతా సగం వీజీఏ కేబుల్‌ది. అది అనలాగ్ సంకేతాన్ని మోస్తుంది కాబట్టి నిలువు గీతల అంచులు చెదురుతాయి. మానిటర్‌కు హెచ్‌డీఎమ్‌ఐ గానీ డిస్‌ప్లేపోర్ట్ గానీ ఉంటే దానికి మారడం మంచిది, లేకపోతే మానిటర్ మెనూలోని 'ఆటో అడ్జస్ట్' నొక్కి చూడాలి. టీవీని మానిటర్‌గా వాడేవారు ఓవర్‌స్కాన్ (అంచులు కత్తిరించి బొమ్మను పెద్దది చేయడం) ఆపి, ఆ హెచ్‌డీఎమ్‌ఐ ఇన్‌పుట్‌ను 'పీసీ'గా మార్చాలి. చాలా టీవీలు సినిమా పద్ధతిలో రంగుల వివరాన్ని తగ్గించి చూపిస్తాయి, దాంతో రంగు అక్షరాలు అలుముకుపోతాయి.

స్క్రీన్‌షాట్‌లోనే మసక ఉంటే ముందు స్కేలింగ్‌ను, అంటే తెరమీది వాటన్నిటినీ పెద్దవి చేసే అమరికను అనుమానించండి. 24 అంగుళాల 1920×1080 తెరలో అంగుళానికి సుమారు 92 చుక్కలుంటాయి కాబట్టి 100 శాతం స్కేలింగ్ సరిపోతుంది. అదే రిజల్యూషన్ 14 అంగుళాల ల్యాప్‌టాప్‌లో ఉంటే చుక్కలు 157 వరకూ వస్తాయి. అక్కడ 100 శాతం చిన్నది, 200 శాతం మరీ పెద్దది, అందుకే అందరూ 125కో 150కో వెళతారు. ప్రోగ్రాముల బొమ్మలను తెరమీదికి చేర్చే కొత్త పద్ధతి వేలాండ్. దాన్ని నేరుగా అర్థం చేసుకునే ప్రోగ్రాములకు దీనివల్ల పెద్ద ఇబ్బంది లేదు. పాత ఎక్స్11 పద్ధతిలో నడిచేవి మాత్రం చిన్నగా గీయబడి, తరువాత సాగదీయబడి, తడిసిన కాగితం మీది సిరాలా కనిపిస్తాయి. ఏ కిటికీ (విండో) ఏ రకమో తెలియాలంటే 'ఎక్స్ఐస్' అనే బుల్లి ప్రోగ్రామును నడపండి: మౌస్ ఎక్స్11 కిటికీ మీద తిరిగితేనే దాని కళ్లు కదులుతాయి, వేలాండ్ కిటికీ మీద గుడ్లప్పగించి ఊరుకుంటాయి.

కేడీఈ ప్లాస్మా అనే డెస్క్‌టాప్ వాడేవారికి 2022లో వచ్చిన 5.26 వెర్షన్ నుంచి డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోనే పరిష్కారం ఉంది: పాత ప్రోగ్రాములు తమ స్కేలింగ్ తామే చేసుకునేలా ఎంచుకుంటే సరి. ఫైర్‌ఫాక్స్ 121వ వెర్షన్ నుంచి వేలాండ్‌నే వాడుతుంది కాబట్టి, పాతది ఉంటే అప్‌డేట్ చేయండి. ఉబుంటులో మామూలుగా వచ్చే గ్నోమ్ డెస్క్‌టాప్ వాడేవారికి నా సలహా వేరు: స్కేలింగ్‌ను 100 శాతంలోనే ఉంచి, గ్నోమ్ ట్వీక్స్ ప్రోగ్రాములోని ఫాంట్స్ విభాగంలో 'స్కేలింగ్ ఫ్యాక్టర్'ను 1.25 చేయండి. బొమ్మను సాగదీయకుండా అక్షరాలనే పెద్దవిగా గీయమనడం ఇది. గుర్తులు కొంచెం చిన్నగా మిగిలిపోయినా, చదువుకునేవారికి నష్టం లేదు.

అన్ని ప్రోగ్రాముల్లోనూ మసక సమానంగా ఉంటే, అదే ఫాంట్స్ విభాగంలో 'హింటింగ్', 'యాంటీఅలియాసింగ్' చూడాలి. హింటింగ్‌ను 'స్లైట్'లో పెట్టండి. అది అక్షరాన్ని నిలువు దిశలోనే చుక్కల వరుసకు సర్దుతుంది, వెడల్పును ముట్టుకోదు, అందువల్ల మన గుండ్రని అక్షరాల వంపులు చెడవు. యాంటీఅలియాసింగ్ అంటే అక్షరాల అంచులను నునుపు చేయడం. అందులో 'సబ్‌పిక్సెల్' అనేది ప్రతి చుక్కలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం గీతలను విడివిడిగా వాడుకుంటుంది. మామూలు ఎల్‌సీడీ మానిటర్లలో ఇది బాగుంటుంది కానీ, మానిటర్‌ను నిలువుగా తిప్పినా, ఓఎల్ఈడీ తెర అయినా అక్షరాలకు రంగు అంచులు రావచ్చు; అప్పుడు 'స్టాండర్డ్' మేలు. జీటీకే 4 అనే పనిముట్ల సెట్టుతో తయారైన ప్రోగ్రాములు ఈ సబ్‌పిక్సెల్ ఎంపికను పట్టించుకోవు కనుక, వాటిలో తేడా కనిపించలేదని కంగారుపడవద్దు. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. రెండు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఇవన్నీ అయ్యాకే మా మేనల్లుడు అడిగిన ఫాంటు సంగతి. నోటో శాన్స్ తెలుగు వేసుకుని, ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో ఫాంట్స్ పక్కనున్న 'అడ్వాన్స్‌డ్' నొక్కి, భాషల జాబితాలో తెలుగును ఎంచుకుని, ఫాంటునూ అక్షరాల సైజునూ అక్కడ విడిగా నిర్ణయించండి. సన్నని రకం వద్దు, 'రెగ్యులర్' చాలు. ఇంగ్లిషుకు 16 ఉంటే తెలుగుకు 18 ఇచ్చి చూడండి. ఒకే వరుసలో అక్షరం, దాని కింద వత్తు, మీద గుడి ఇమడాలి కాబట్టి మనకు సైజు ఆ మాత్రం ఎక్కువే కావాలి.