బ్యాకప్ అయిందంటుంది, తెరిచి చూస్తే ఫైలుండదు

బ్యాకప్ సరిగ్గా నడుస్తోందా అన్న అనుమానం వస్తే చాలామంది ముందు సెట్టింగ్స్ తెరుస్తారు. అది కాదు, ముందు బ్యాకప్ డ్రైవ్ తెరవండి. నిన్నో మొన్నో మీరు మార్చిన ఫైల్ ఒకటి గుర్తు చేసుకుని, అది అందులో ఉందా, ఉంటే ఏ తేదీది, క్లిక్ చేస్తే తెరుచుకుంటోందా చూడండి. రెండు నిమిషాల పని. ప్రోగ్రామ్ చూపించే ఆకుపచ్చ టిక్కుని నేను నమ్మడం మానేసి చాలా కాలమైంది. చెప్పిన పని చేశానని మాత్రమే అది అంటుంది. మనకు కావలసిన పనే దానికి చెప్పామా లేదా అన్నది దానికెలా తెలుస్తుంది?

ఫైల్ అసలు లేకపోవడం, పాతది ఉండడం, ఉండీ తెరుచుకోకపోవడం, ఈ మూడూ వేర్వేరు జబ్బులు. మీది ఏదో చూసుకుని నేరుగా అక్కడికి వెళ్లండి.

## షెడ్యూల్ పెట్టాను, ఆ టైముకి ఏమీ జరగడం లేదు

ఇంట్లో వాడే కంప్యూటర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. రాత్రి 2 గంటలకని పెడతాం, అప్పుడు ఎవరూ వాడరు కాబట్టి. ఎవరూ వాడరు కాబట్టే అప్పటికి కంప్యూటర్ ఆపేసో, స్లీప్‌లోనో ఉంటుంది. రాత్రి టైము అనేది పగలూ రాత్రీ ఆన్‌లో ఉండే సర్వర్లకి సరిపోతుంది. ఇంట్లో అయితే మీరు మామూలుగా కంప్యూటర్ ముందు కూర్చునే టైమే పెట్టండి. బ్యాకప్ వెనకాల నడుస్తుంటే ఈమెయిల్స్ చూసుకోవచ్చు, కొంపేమీ మునగదు.

విండోస్‌లో పనులని అనుకున్న టైముకి నడిపే టాస్క్ షెడ్యూలర్ తెరిచి, అందులో మీ బ్యాకప్ టాస్క్ మీద డబుల్ క్లిక్ చేసి రెండు చోట్ల చూడండి. 'సెట్టింగ్స్' ట్యాబ్‌లో, అనుకున్న టైము తప్పిపోతే వీలైనంత త్వరగా నడపమని చెప్పే గడి ఒకటుంటుంది. మామూలుగా దానికి టిక్ ఉండదు. అది పెట్టకపోతే తప్పిన బ్యాకప్ తప్పినట్టే, మళ్లీ టైము వచ్చేదాకా ఆగుతుంది. రెండోది 'కండిషన్స్' ట్యాబ్. ఛార్జర్ పెట్టి ఉంటేనే మొదలుపెట్టమనే గడికి అక్కడ ముందే టిక్ ఉంటుంది.

నన్ను దెబ్బతీసింది ఈ రెండోదే. ల్యాప్‌టాప్‌ని బల్ల మీది నుంచి మంచం మీదికి మార్చాను, ఛార్జర్ మాత్రం బల్ల దగ్గరే ఉండిపోయింది. ఏ ఎర్రర్ రాలేదు, ఏ మెసేజ్ రాలేదు. మూడు నెలల తర్వాత ఒక స్ప్రెడ్‌షీట్ పాడై బ్యాకప్ తెరిస్తే, అందులో ఉన్నది మూడు నెలల కిందటి కాపీ. టాస్క్ తప్పేం లేదు, బ్యాటరీ మీద నడవొద్దని దానికి ముందే చెప్పి ఉంది. ఆ టిక్ తీసేశాను. బ్యాటరీ మధ్యలో అయిపోతుందని మీకు టెన్షన్‌గా ఉంటే టిక్ అలాగే ఉంచండి, కానీ వారానికోసారైనా బ్యాకప్ టైముకి ఛార్జర్ పెట్టాలి.

అదే ట్యాబ్‌లో కంప్యూటర్‌ని నిద్రలేపి నడిపించే గడి కూడా ఉంటుంది. అది స్లీప్ నుంచి లేపుతుంది గానీ, షట్ డౌన్ చేసిన మిషన్‌ని లేపలేదు.

ఇన్నాళ్లూ బాగా నడిచి, పాస్‌వర్డ్ మార్చిన దగ్గర్నుంచి ఆగిపోయిందా? లాగిన్ కాకపోయినా నడవాలని పెట్టిన టాస్క్ మీ పాత పాస్‌వర్డ్‌నే దాచుకుని ఉంటుంది. టాస్క్ తెరిచి ఓకే నొక్కితే కొత్తది అడుగుతుంది. అక్కడ ఇవ్వాల్సింది అకౌంట్ పాస్‌వర్డ్, రోజూ కొట్టే పిన్ కాదు.

లినక్స్‌లో టైముకి పనులు నడిపే క్రాన్‌తో పెట్టుకుంటే ఇదే కథ, మిషన్ ఆగి ఉన్నప్పుడు తప్పిన పనిని క్రాన్ వెనక్కి తిరిగి చూడదు. తప్పినవాటిని తర్వాత నడిపే ఆనాక్రాన్‌కి మారండి, లేదా సిస్టమ్‌డీ టైమర్ పెట్టుకుని అందులో 'పర్సిస్టెంట్' ఆన్ చేయండి. మ్యాక్‌తోనే వచ్చే బ్యాకప్ ప్రోగ్రామ్ టైమ్ మెషిన్ ఈ విషయంలో నయం, డ్రైవ్ పెట్టగానే తనే అందుకుంటుంది. కాకపోతే 2022లో వచ్చిన మ్యాక్ఓఎస్ వెంచురా నుంచి గంటకోసారి, రోజుకోసారి, వారానికోసారి, మాన్యువల్ అని ఎంచుకునే వీలుంది. అది మాన్యువల్ మీద ఉంటే మీరు చెప్పేదాకా కదలదు.

## డ్రైవ్ పెట్టే ఉంది, కనబడలేదంటోంది

డ్రైవ్ అక్షరం మారి ఉంటుంది. బ్యాకప్‌కి 'ఈ' డ్రైవ్ అని చెప్పి పెట్టారు. ఒకరోజు ముందు పెన్ డ్రైవ్ గుచ్చారు, 'ఈ' దానికి పోయింది, ఎక్స్‌టర్నల్ డ్రైవ్ 'ఎఫ్' అయింది. ఎర్రర్ వస్తే అదృష్టమే. కొన్ని ప్రోగ్రామ్‌లు నోరెత్తకుండా పెన్ డ్రైవ్‌లోనే కొత్త ఫోల్డర్ చేసి అందులో పోసేస్తాయి.

విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, ఆ ఎక్స్‌టర్నల్ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, అక్షరాన్ని చివర్లో ఉండే 'టీ', 'ఎక్స్' లాంటి దానికి మార్చండి. కొత్తగా గుచ్చేవాటికి విండోస్ అక్షరాలు ముందు నుంచి ఇస్తుంది కాబట్టి అంత దూరం వెళ్లి గొడవ పడదు. మార్చాక బ్యాకప్ ప్రోగ్రామ్‌లో కూడా ఆ అక్షరమే ఇవ్వడం మరవకండి.

నెట్‌వర్క్ డ్రైవ్ అయితే ఇంకో తిరకాసు ఉంది. మీరు లాగిన్ అయినప్పుడు కనిపించే 'జెడ్' డ్రైవ్, లాగిన్ లేకుండా వెనకాల నడిచే టాస్క్‌కి కనిపించదు. అక్కడ అక్షరం కాకుండా రెండు వాలు గీతలతో మొదలయ్యే పూర్తి నెట్‌వర్క్ అడ్రస్ ఇవ్వాలి.

## టాస్క్ షెడ్యూలర్‌లో చివరి రిజల్ట్ 0ఎక్స్1 అని చూపిస్తోంది

కంగారు పడకండి, ముందు ఏ ప్రోగ్రామ్ నడుస్తోందో చూడండి. మామూలు ప్రోగ్రామ్‌లకి 1 అంటే ఏదో తేడా జరిగిందని. విండోస్‌తోనే వచ్చే కాపీ ప్రోగ్రామ్ రోబోకాపీకి మాత్రం 1 అంటే ఫైళ్లు చక్కగా కాపీ అయ్యాయని అర్థం! దాని లెక్కలో 0 అంటే కాపీ చేయడానికి కొత్తవేవీ లేవు, 2 అంటే అవతల, అంటే బ్యాకప్ వైపు, అదనపు ఫైళ్లున్నాయి, 3 అంటే 1, 2 రెండూ. 8, ఆ పైన వస్తేనే ఏవో కాపీ కాలేదని. 1 చూసి బెదిరిపోయి, బాగానే నడుస్తున్న టాస్క్‌ని తీసేసి మళ్లీ మొదట్నుంచి కట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

0ఎక్స్41303 అని ఉంటే ఆ టాస్క్ ఇంతవరకూ ఒక్కసారి కూడా నడవలేదని. మళ్లీ మొదటి సమస్య, షెడ్యూల్ దగ్గరికే వెళ్లండి.

## పూర్తయిందంటోంది, నాకు కావలసిన ఫోల్డర్ లేదు

విండోస్‌తో వచ్చే బ్యాకప్ ప్రోగ్రామ్ ఫైల్ హిస్టరీ మొత్తం కంప్యూటర్‌ని కాపీ చేస్తుందని అనుకుంటారు. అది చూసేది డెస్క్‌టాప్, కాంటాక్ట్స్, ఫేవరెట్స్, ఇంకా డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి లైబ్రరీల్లో ఉన్నవి మాత్రమే. 'డీ' డ్రైవ్‌లో మీరు సొంతంగా చేసుకున్న ఫోల్డర్ దాని కంటికి ఆనదు. దాన్ని ఏదో ఒక లైబ్రరీలో చేరిస్తే అప్పట్నుంచి చూస్తుంది.

క్లౌడ్ ఫోల్డర్‌లో ఫైల్ పేరు పక్కన మబ్బు గుర్తుంటే, ఆ ఫైల్ మీ డిస్క్ మీద లేదు, పేరొక్కటే ఉంది. లేనిదాన్ని బ్యాకప్ ఏం కాపీ చేస్తుంది? ముఖ్యమైన వాటి మీద రైట్ క్లిక్ చేసి, ఎప్పుడూ ఈ కంప్యూటర్‌లోనే ఉంచమనే ఆప్షన్ పెట్టండి. సింక్ అవుతోంది కదా, బ్యాకప్ ఎందుకనే మాట తరచూ వింటుంటాను. ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవడమే సింక్. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ వన్‌డ్రైవ్ పర్సనల్ అకౌంట్ చెత్తబుట్టలో డిలీట్ చేసిన ఫైల్ 30 రోజులుంటుంది, ఆ తర్వాత అదీ పోతుంది.

అన్నీ ఉండి ఒక్క ఈమెయిల్ ఫైలే లేకపోతే, బ్యాకప్ టైముకి అవుట్‌లుక్ తెరిచి ఉందన్నమాట. వాడకంలో ఉన్న ఫైల్‌ని మామూలు కాపీ ముట్టుకోలేదు. అవుట్‌లుక్ మూసేసి మళ్లీ నడపండి.

## ఒక్క పెద్ద ఫైల్ మాత్రం కాపీ కావడం లేదు

డ్రైవ్‌లో బోలెడు ఖాళీ ఉన్నా, ఫైల్ మరీ పెద్దదంటుంది. ఆ డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంది, అందులో ఒక్కో ఫైల్ 4 జీబీకి లోపే ఉండాలి. ఎక్స్‌ఫ్యాట్‌కో ఎన్‌టీఎఫ్‌ఎస్‌కో ఫార్మాట్ చేస్తే సరిపోతుంది, కానీ ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. ముందు ఇంకోచోట పెట్టుకోండి.

## గంటలు గడుస్తున్నా అవడం లేదు

మొదటిసారి అయితే వదిలేయండి, అంతే పడుతుంది. పాత యూఎస్‌బీ 2.0 పోర్టులో సెకనుకి 30 ఎంబీ చొప్పున వెళ్తే 200 జీబీకి రెండు గంటలకి కాస్త తక్కువ పడుతుంది. వేలకొద్దీ చిన్న ఫైళ్లుంటే ఇంకా ఎక్కువ. చాలా కంప్యూటర్లలో లోపల నీలం రంగున్న పోర్టు వేగంది, దానికి మార్చి చూడండి. మొదటిసారి కాకపోయినా రోజూ ఇంతే పడుతుంటే మాత్రం, మారినవాటినే కాకుండా అన్నీ మళ్లీ మళ్లీ కాపీ చేస్తోందని అర్థం. ప్రోగ్రామ్‌లో ఇంక్రిమెంటల్ (మారినవాటినే కాపీ చేసేది) అన్నది ఎంచుకోండి.

## డిస్క్ నిండిపోయింది

ఫైల్ హిస్టరీ పాత వెర్షన్లన్నీ శాశ్వతంగా ఉంచుతుంది, మీరు మార్చేదాకా. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో చోటు అవసరమయ్యేదాకా ఉంచమని మార్చండి. టైమ్ మెషిన్ పాతవాటిని తనే తీసేస్తుంది. ఇంక్రిమెంటల్ బ్యాకప్‌లు చేసే ప్రోగ్రామ్ అయితే ఫోల్డర్‌లోకి వెళ్లి చేత్తో డిలీట్ చేయొద్దు. మొదట తీసిన పూర్తి కాపీ, దాని మీద ఒక్కో రోజు మార్పులు, ఇలా గొలుసులా ఉంటాయవి. మధ్యలో ఒకటి తీస్తే ఆ తర్వాతవన్నీ దండగే. ప్రోగ్రామ్ లోపలి నుంచే తీయించండి.

## చేత్తో కాపీ చేశాను, కొత్తది పోయి పాతది మిగిలింది

షెడ్యూల్ మౌనంగా చెడిపోతే, మాన్యువల్ బ్యాకప్ మన చేతుల్లోనే చెడిపోతుంది. రెండు కిటికీలు పక్కపక్కన తెరుస్తాం, ఏది కంప్యూటర్, ఏది డ్రైవ్ అన్నది తికమక పడతాం, రీప్లేస్ చేయమంటారా అంటే అవునంటాం. బ్యాకప్‌లోని పాత ఫైల్ వచ్చి మన కొత్త పని మీద కూర్చుంటుంది. అలా రీప్లేస్ అయింది రీసైకిల్ బిన్‌లోకి కూడా రాదు.

అందుకే చేత్తో చేసినప్పుడు పాత కాపీ మీద పడేయకుండా ప్రతిసారీ తేదీతో కొత్త ఫోల్డర్ చేయండి. 2025-11-03 లాగా సంవత్సరం ముందు రాస్తే వాటంతటవే వరసలో నిలబడతాయి. 'కొత్తది', 'ఫైనల్' లాంటి పేర్లు పెడితే ఆర్నెల్ల తర్వాత మీకే అర్థం కాదు. కట్ చేసి పేస్ట్ చేయకండి, అది కాపీ కాదు, ఇల్లు మారడం.

అంతా వెళ్లిందా అని చూడాలంటే రెండు ఫోల్డర్ల ప్రాపర్టీస్ పక్కపక్కన పెట్టుకోండి. ఫైళ్ల సంఖ్య, 'సైజ్' అన్న లైను రెండింట్లోనూ ఒకటే ఉండాలి. కిందనున్న 'సైజ్ ఆన్ డిస్క్' తేడా ఉంటే పట్టించుకోకండి, డ్రైవ్ ఫార్మాట్‌ని బట్టి అది మారుతుంది. సరిపోయాక ఎజెక్ట్ చేసి తీయండి, ఊడపీకితే చివరి ఫైళ్లు సగంలో ఆగిపోవచ్చు.

రోబోకాపీలో మిర్రర్ స్విచ్ (కమాండ్‌కి జోడించే ఆప్షన్) వాడేవాళ్లకి ఒక మాట. ఇవతల లేనివి అవతల తీసేయడం కూడా దాని పనే. ఖాళీ ఫోల్డర్‌ని ఇవతలి వైపు ఇచ్చారా, బ్యాకప్ మొత్తం ఖాళీ. ఏం చేయబోతోందో జాబితా మాత్రమే చూపించే స్విచ్‌తో ముందోసారి నడపండి.

## ఫైల్ ఉంది, తిరిగి రావడం లేదు

బిట్‌లాకర్ (విండోస్ డ్రైవ్‌కి వేసే తాళం) పెట్టిన డ్రైవ్‌కి పాస్‌వర్డ్ మర్చిపోతే 48 అంకెల రికవరీ కీ కావాలి. ఆ కీని అదే డ్రైవ్‌లో దాచుకున్నవాళ్లున్నారు, తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకున్నట్టు. దాన్ని కాగితం మీద రాసి ఇంకోచోట పెట్టండి. ప్రోగ్రామ్ తన సొంత ఫార్మాట్‌లో ఒకే పెద్ద ఫైల్‌గా దాచి ఉంటే, కొత్త కంప్యూటర్‌లో ముందు ఆ ప్రోగ్రామే ఎక్కించాలి.

డ్రైవ్ ఎప్పుడూ గుచ్చే ఉంటే ఇంకో ప్రమాదం. 2017 మేలో వచ్చిన వానాక్రై లాంటి, డబ్బు కోసం ఫైళ్లకి తాళం వేసే రాన్సమ్‌వేర్ కంప్యూటర్‌కి తగిలించి ఉన్న డ్రైవ్‌ల్లోని ఫైళ్లకి కూడా తాళం వేసేస్తుంది. రెండు డ్రైవ్‌లుంటే ఒకటి షెడ్యూల్‌కి వదిలేసి, రెండోది మాన్యువల్ కాపీ అవగానే తీసి పక్కన పెట్టేయడం నా పద్ధతి.

రీస్టోర్ చేసి చూసేటప్పుడు అసలు ఫైల్ మీదికి మాత్రం తెచ్చుకోకండి. డెస్క్‌టాప్ మీద 'పరీక్ష' అని ఒక ఫోల్డర్ చేసి, ఒక ఫొటో, ఒక డాక్యుమెంట్, బాగా పాతది ఇంకొకటి అందులోకి తెప్పించండి. మూడూ తెరిచి చివరి పేజీ దాకా చూసి, ఫోల్డర్ డిలీట్ చేసేయండి.