ఐరిష్ ఇంటి వంట – 2వ పాఠం: పండగ రాత్రికి స్టూ

పోయిన పాఠంలో సోడా బ్రెడ్, అంటే ఈస్ట్ బదులు వంటసోడాతో పొంగే రొట్టె చేశాం. కాలిన రొట్టెను తిరగేసి అడుగున తట్టి, బోలుగా శబ్దం వస్తోందో లేదో చూడడం నేర్చుకున్నాం. ఈసారి ఆ రొట్టెతో తినే కూర.

మార్చి 17 సెయింట్ పాట్రిక్స్ డే. ఐర్లండ్‌లో 1903 నుంచి ప్రభుత్వ సెలవు. ఊళ్లో ఊరేగింపు చూడడానికి చలిగాలిలో నిలబడి ఇంటికొచ్చిన వాళ్లకి వేడివేడిగా గిన్నెడు స్టూ పెడితే చాలు. కార్న్‌డ్ బీఫ్ (ఉప్పులో ఊరిన గొడ్డు మాంసం), క్యాబేజీ కూడా ఈ పండగ వంటగా పేరుపడ్డాయి కానీ, అది అమెరికా వెళ్లి స్థిరపడిన ఐరిష్ వాళ్ల అలవాటు. ఐర్లండ్‌లో క్యాబేజీతో ఉడికించేది ఉప్పులో ఊరిన పంది మాంసం.

నలుగురికి ఎముకతో ఉన్న గొర్రె మెడ ముక్కలు 1 కిలో, బంగాళాదుంపలు 1 కిలో, పెద్ద ఉల్లిపాయలు 3, రెండు రెమ్మలు థైమ్ (ఘాటైన వాసనుండే చిన్నాకు), గుప్పెడు పార్స్లీ (కొత్తిమీరలా ఉండే ఆకు), ఉప్పు, మిరియాల పొడి. నూనె లేదు, పోపు లేదు, అల్లం వెల్లుల్లి లేవు. మనకి చేతులు ఊరుకోవు, తెలుసు. నేనూ మొదటిసారి మాంసాన్ని ఎర్రగా వేయించాను. రుచిగానే వచ్చింది, కానీ అది మన మటన్ కూరకి దగ్గరైంది. ఐరిష్ స్టూ తెల్లగా, నెమ్మదిగా ఉండాలి. మాంసం, ఉల్లి, దుంప ఈ మూడింటి రుచే నీళ్లలోకి దిగాలి.

ఈ పాఠమంతా అసలు దుంప గురించే. పులుసు చిక్కబడడానికి మైదా కలపం, దుంపే ఆ పని చేస్తుంది. సగం దుంపల్ని పల్చటి చక్రాలుగా తరగండి. వాటిని గిన్నె అడుగున పరిచి, మీద మాంసం, ఉల్లి, థైమ్, ఉప్పు, మిరియాలు వేసి, మునిగేవరకు నీళ్లు పోయండి. పొంగు రాగానే తెట్టు తీసేసి, మంట బాగా తగ్గించి మూత పెట్టండి. నీళ్లు కుతకుతలాడకూడదు, అంచున ఒకటీ అరా బుడగ కనిపిస్తే చాలు. మంట పెద్దదైతే మాంసం పీచుపీచుగా గట్టిపడుతుంది.

గంట తర్వాత మిగిలిన దుంపల్ని పెద్ద ముక్కలుగా కోసి పైన వేయండి. మొదటి సగం కరిగి పులుసవుతుంది, రెండో సగం ముక్కలుగా నిలుస్తుంది. ఇంకో ముప్పావుగంటకి మాంసం ఎముకని వదిలేస్తుంది. మేక మాంసమైతే ఇంకో అరగంట పైనే పట్టొచ్చు, అప్పుడు రెండో విడత దుంపలు కూడా అంత ఆలస్యంగా వేయండి. కుక్కర్‌లో పెట్టకండి, దుంపలన్నీ ఒకేలా చితికిపోతాయి.

క్యారట్ వేయాలా వద్దా అన్నది ఐర్లండ్‌లోనే తేలని వాదన. పిల్లలు ఇష్టంగా తింటారని నేను వేస్తాను, రెండో విడత దుంపలతో పాటు.

రెండో విడత దుంపలు పడగానే సోడా బ్రెడ్‌కి పిండి కలిపి ఓవెన్‌లో పెట్టేయండి. మజ్జిగ తగలగానే సోడా పని మొదలుపెడుతుంది కాబట్టి కలిపిన పిండిని ఆగనివ్వకూడదు. ముందు 230 డిగ్రీల్లో 15 నిమిషాలు, తర్వాత 200లో 30 నిమిషాలు. రొట్టె, స్టూ ఒకేసారి బల్ల మీదికొస్తాయి. దించాక పార్స్లీ చల్లండి, రొట్టెకి వెన్న ధారాళంగా రాయండి.

అభ్యాసం: పండగ దాకా ఆగకుండా ఈ ఆదివారమే సగం కొలతలతో చేయండి. అరగంటకి, గంటకి, దించే ముందు ఒక్కో గరిటె పులుసు తీసి పక్కపక్క గిన్నెల్లో పోసి చూడండి. దుంప ఎప్పుడు కరగడం మొదలైందో మీకే కనిపిస్తుంది. వచ్చే పాఠంలో కాల్కానన్, అంటే మెదిపిన దుంపలో క్యాబేజీ, వెన్న కలిపే వంట.