రోగితో మాట – 3వ పాఠం: తిరిగి చెప్పించుకోవడం

రోజుకు ఎన్నిసార్లు "అర్థమైందా?" అని అడుగుతున్నారో లెక్కపెట్టమని పోయిన పాఠంలో చెప్పాం. లెక్క ఎంత వచ్చినా సరే, ఆ ప్రశ్నను ఇవాళ్టితో పక్కన పెట్టేద్దాం. దానికి మన ఊళ్లలో వచ్చే జవాబు ఒక్కటే, తల ఊపడం. అందులో మర్యాద ఎంతో, అర్థమైంది ఎంతో తెలియదు. దాని బదులు, మనం చెప్పింది వాళ్ల చేతే తిరిగి చెప్పించుకుందాం, లేదా చేయించి చూద్దాం.

ఏడాది పిల్లవాడికి నీళ్ల విరేచనాలు అనుకోండి. ఆశా కార్యకర్త ఓఆర్ఎస్ పొట్లం, జింక్ మాత్రలు ఇచ్చి, వాడే పద్ధతి చెప్పింది. తల్లి "సరే అక్కా" అంది. అక్కడే లేచి వచ్చేయకుండా ఇలా అడగాలి:

"నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలమ్మా. ఒకసారి నా ముందే కలుపుతావా?"

తల్లి స్టీలు గ్లాసు నిండా నీళ్లు తెచ్చింది. పొట్లం కత్తిరించి కొంచెం పొడి వేసి, మిగతాది మడిచి పోపుల డబ్బాలో దాచింది. తప్పు ఆమెది కాదు. "లీటరు నీళ్లు" అన్నాం కానీ, ఆ ఇంట్లో లీటరు అంటే ఏ పాత్రో చూపించలేదు. పొడి తక్కువైతే ఫలితం ఉండదు, ఎక్కువైతే ఉప్పు మించి బిడ్డకు ముప్పు. ఇప్పుడు అదే మాట గొంతు పెంచి చెప్పకండి (మనందరికీ ఉన్న అలవాటే), మాట మార్చండి: "ఈ లీటరు సీసాతో నిండుగా కొలిచి గిన్నెలో పోసుకో. పొట్లం మొత్తం ఒకేసారి వేసెయ్యి. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలుపు." మళ్లీ చేయించి చూడండి.

జింక్ సంగతి వేరు. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, 14 రోజులు వేయాలి. "ఎన్ని రోజులు?" అంటే ఎవరైనా పద్నాలుగని అప్పజెబుతారు. కానీ ఇంట్లో మాత్రం విరేచనాలు ఆగిన రోజే మాత్రలు వేయడమూ ఆపేస్తారు. అందుకే, "ఎల్లుండికి తగ్గిపోయిందనుకో, మిగిలిన మాత్రలు ఏం చేస్తావు?" అని అడగండి.

"ఏదీ, చెప్పు చూద్దాం" అన్న ధోరణి మాత్రం వద్దు. పక్కన అత్తగారు కూర్చుని ఉంటే ఆ తల్లికి అది పరీక్షే. బిడ్డకు తాగించేది అత్తగారే అయితే, కలిపి చూపించమనాల్సింది ఆమెనే.

అభ్యాసం: ఈ వారం ముగ్గురి చేత చెప్పించుకోండి. ఎక్కడ తడబడ్డారో వాళ్ల మాటల్లోనే రాసుకోండి. మలంలో రక్తం, లోపలికి పోయిన కళ్లు, తాగలేనంత మగత లాంటి ప్రమాద సూచనలను తల్లి బెదిరిపోకుండా ఎలా చెప్పాలన్నది 4వ పాఠం. ఆ కాగితం అప్పుడు కావాలి.