తినేయడమే ఈట్ అప్: ఫ్రేజల్ వెర్బ్స్ నాకు ఎలా వచ్చాయంటే

అమీర్‌పేట కోచింగ్‌లో ఇచ్చిన ఫ్రేజల్ వెర్బ్స్ (ఇంగ్లిష్ క్రియకు అప్, ఆఫ్ లాంటి చిన్న మాట చేరినవి) లిస్టంతా బట్టీ పట్టినా, ఆఫీసులో మీటింగ్ వాయిదా పడిందని చెప్పడానికి ‘పుట్ ఆఫ్’ బదులు ‘కాల్డ్ ఆఫ్’ అనేశాను, రద్దయిందనుకుని కొత్త తేదీకి ఇద్దరు రానేలేదు. చాలా బాధేసింది. ఆ రోజు నుంచి లిస్టు పక్కన పెట్టి, మియాపూర్ మెట్రోలో రోజుకు మూడే తీసుకుని, ఒక్కోదానికి నా సొంత వాక్యం రాసుకున్నాను. అసలు కిటుకు మన తెలుగులోనే ఉంది: తినడానికీ తినేయడానికీ ఉన్న తేడాయే ఈట్‌కీ ఈట్ అప్‌కీ, అంటే పని పూర్తిగా అయిపోవడం, యూజ్ అప్ అంటే వాడేయడం, డ్రింక్ అప్ అంటే తాగేయడం. గివ్ అప్ అంటే మాత్రం ఇచ్చేయడం కాదు, మానుకోవడం; అలాంటివి విడిగా నేర్చుకోవాల్సిందే. ఇంకొకటి, పుట్ ఆఫ్‌లో ‘ఇట్’ వస్తే మధ్యలోనే పెట్టాలి, ‘పుట్ ఇట్ ఆఫ్’ అని. లుక్ ఆఫ్టర్‌కైతే (బాగోగులు చూసుకోవడం) చివర్లోనే, ‘లుక్ ఆఫ్టర్ ఇట్’ అని.