తలకు దెబ్బ తగిలాక: మొదటి రెండు రాత్రులు, ఆ పైన ఆరు వారాలు

బండి మీంచి జారి పడ్డ మనిషి లేచి, బట్టలు దులుపుకుని, "ఏం కాలేదులే" అంటూ ఇంటికి వచ్చేస్తాడు. అన్నం తిని పడుకుంటాడు. తెల్లారి ఎంత లేపినా లేవడు. తల లోపల నెత్తురు చేరే దెబ్బల్లో మోసమంతా మధ్యలో బాగున్న ఆ కొన్ని గంటల్లోనే ఉంది. పైకి గాయం కనబడకపోయినా, మాట సరిగ్గానే ఉన్నా, ఆకలి వేసినా లోపల రక్తస్రావం లేదని చెప్పడానికి లేదు. దెబ్బ ఎంత గట్టిదన్న దానికన్నా, గంట గంటకూ మనిషి ఎలా మారుతున్నాడన్నదే చూసుకోవాలి.

లోపల ఏం జరుగుతుంది

పుర్రె ఎముక సాగదు. లోపల కొత్తగా నెత్తురు చేరితే, ముందు మెదడు చుట్టూ ఉండే నీరు, సిరల్లోని రక్తం కొంత పక్కకు తప్పుకుని చోటిస్తాయి. అందుకే మొదట్లో మనిషికి ఏమీ తెలియదు. ఆ చోటు కాస్తా అయిపోయాక ఇంకొంచెం చేరినా ఒత్తిడి ఒక్కసారిగా ఎక్కిపోతుంది. పెద్దవాళ్ల పుర్రెలో పట్టేదంతా కలిపి సుమారు లీటరున్నర. అందులో 30 మి.లీ. నెత్తురు గడ్డ కట్టినా ప్రాణం మీదికొస్తుంది. దగ్గుమందు సీసా మూత 10 మి.లీ.ది అయితే, మూడు మూతలంత.

కణత దగ్గర ఎముక పల్చన. దాని లోపలి వైపు ఆనుకుని ఒక ధమని పోతుంది. అక్కడ ఎముక చిట్లి ఆ ధమని తెగితే వచ్చేది ఎక్స్‌ట్రాడ్యూరల్ హెమటోమా. ధమని కాబట్టి నెత్తురు జోరుగా వస్తుంది, గంటల్లో ముంచేస్తుంది. ఇది ఎక్కువగా కుర్రవాళ్లలో కనబడుతుంది. గడ్డ 30 మి.లీ. దాటితే, మనిషి కూర్చుని మాట్లాడుతున్నా సరే, ఆపరేషన్ చేసి తీసేయాలన్నది న్యూరోసర్జన్లు పాటించే లెక్క. రెండోది సబ్‌డ్యూరల్. మెదడు నుంచి పైపొరకు పోయే సన్నని సిరలు తెగి నెత్తురు చేరుతుంది. ఇది ఆ రోజే బయటపడొచ్చు, మూడు వారాలు దాటాక కూడా బయటపడొచ్చు.

ఇంట్లో కూర్చోకుండా వెంటనే బయల్దేరాల్సిన లక్షణాలు

ఒక్క క్షణమైనా తెలివి తప్పడం, ఫిట్స్ రావడం, ఒకటికి మించి వాంతులు, పెరుగుతూ పోయే తలనొప్పి, మగత, మాట ముద్దగా రావడం, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం, అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం, పడటానికి ముందు అరగంట ఏం జరిగిందో గుర్తు లేకపోవడం. ముక్కులోంచో చెవిలోంచో నీళ్లలాంటి ద్రవం కారినా, కళ్ల చుట్టూ నల్లగా కమిలినా, చెవి వెనక ఎముక మీద నీలం మచ్చ వచ్చినా పుర్రె అడుగు భాగం చిట్లిందని అనుమానించాలి. చెవి వెనక మచ్చ తేలడానికి ఒక రోజు కూడా పట్టొచ్చు కాబట్టి మర్నాడు మళ్లీ చూడాలి.

ఏ లక్షణమూ లేకపోయినా ఆసుపత్రికి పోవాల్సిన వాళ్లు కొందరున్నారు. 65 ఏళ్లు దాటినవాళ్లు. మామిడి చెట్టు మీంచో, మిద్దె మీంచో, అయిదు మెట్లకు పైనుంచో పడ్డవాళ్లు. నడిచి పోతుంటే బండి గుద్దినవాళ్లు. డెంగీతో ప్లేట్‌లెట్లు పడిపోయి ఉన్నవాళ్లు, లివర్ చెడినవాళ్లు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు. అన్నిటికన్నా ముఖ్యంగా, రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్లు: ఎసిట్రోమ్, వార్ఫరిన్, ఎలిక్విస్, జారెల్టో, క్లోపిడోగ్రెల్. ఎకోస్ప్రిన్ కూడా ఈ కోవలోదే. కొలెస్ట్రాల్ మందుతో కలిపి వచ్చే ఎకోస్ప్రిన్-ఏవీని చాలామంది "గుండె మాత్ర" అని మాత్రమే చెబుతారు, కాబట్టి స్ట్రిప్పునే జేబులో వేసుకుని పోవాలి. స్టెంటో, గుండె వాల్వో ఉన్నవాళ్లు భయపడి మాత్ర సొంతంగా మానేయకూడదు. తర్వాతి డోసు వేసుకునే ముందు డాక్టరును అడగాలి.

తాగి పడ్డవాళ్ల సంగతి వేరే చెప్పాలి. "మత్తు దిగితే లేస్తాడులే" అని పక్కకు తిప్పి పడుకోబెట్టేస్తారు. మందు వాసన, తల మీద బొప్పి రెండూ ఉంటే ఆ మగతను దెబ్బ ఖాతాలోనే వేసుకోవాలి. మత్తు సంగతి తలకు సీటీ స్కాను తీశాక తేల్చుకోవచ్చు.

ఇంట్లో కాపలా ఎలా

డాక్టరు చూసి ఇంటికి పంపినా, చిన్న దెబ్బే అని ఇంట్లోనే ఉన్నా, 48 గంటలు ఒకరు పక్కన ఉండాలి. ఒకరంటే ఒకరే, పేరు పెట్టి. "అందరం ఉన్నాం కదా" అనుకున్న ఇంట్లో రాత్రి రెండింటికి ఎవరూ చూడరు.

ఒక కాగితం మీద పైన దెబ్బ తగిలిన టైము రాయండి. కింద గళ్లు: టైము, మాట, తలనొప్పి పదికి ఎంత, వాంతి, చేతులు, కనుపాపలు. మొదటి నాలుగు గంటలు గంటకోసారి, ఆ తర్వాత రెండు గంటలకోసారి నింపండి. డాక్టరు వేరే చెబితే అదే పాటించండి.

మాట చూడటమంటే "బాగున్నావా" అని అడగడం కాదు. దానికి ఎవరైనా "ఊ" అంటారు. "అవ్వా, ఇదెవరి ఇల్లు? ఈ రోజు ఏం వారం? పొద్దున ఏం తిన్నావు?" అని అడిగి, జవాబు సరైనదో కాదో చూడాలి. చేతుల పరీక్షకు కూర్చోబెట్టి, రెండు చేతులూ ముందుకు చాచి అరచేతులు పైకి పెట్టమనండి. కళ్లు మూసుకోమని పది లెక్కపెట్టండి. ఒక చెయ్యి మెల్లగా కిందికి జారుతూ అరచెయ్యి లోపలికి తిరిగితే ఆ వైపు బలం తగ్గినట్టు. మనిషి "నాకేం కాలేదు" అంటున్నప్పుడు కూడా ఇది పట్టిస్తుంది. కనుపాపల కోసం గదిలో వెలుతురు తగ్గించి, ఫోను టార్చిని పక్కనుంచి ఒక్కో కంటి మీదికి తేవాలి. రెండూ ఒకేలా ముడుచుకోవాలి. కాటరాక్ట్ ఆపరేషన్ అయినవాళ్లలో అవి ముందు నుంచే వేరుగా ఉండొచ్చు, అందుకే మొదటిసారి చూసినప్పుడే ఎలా ఉన్నాయో రాసి పెట్టుకుంటే తర్వాత కంగారు ఉండదు. మగతగా ఉన్న మనిషికి ఒక పాప పెద్దదైతే ఇక గళ్లు నింపుతూ కూర్చోవద్దు, కదలండి.

నిద్రపోనివ్వకూడదన్న మాట మన వైపు గట్టిగా పాతుకుంది. డాక్టరు చూసి పర్లేదన్న మనిషిని రాత్రంతా మేల్కొల్పి ఉంచితే మామూలు అలసట ఏదో, మగత ఏదో తెలియకుండా పోతుంది. పడుకోనివ్వండి. మొదటి రాత్రి మాత్రం రెండు మూడు గంటలకోసారి భుజం తట్టి లేపండి. కళ్లు పూర్తిగా తెరిచి, పేరు చెప్పి, ఎక్కడున్నాడో చెప్పి, గ్లాసు చేతిలోకి తీసుకోగలిగితే చాలు, మళ్లీ పడుకోవచ్చు. ఎప్పుడూ లేని గురక వస్తోందంటే "మంచి నిద్ర పట్టింది" అని తలుపు దగ్గరగా వేసేవాళ్లున్నారు. తల దెబ్బ తర్వాత కొత్తగా వచ్చిన బరువైన గురక తెలివి తప్పుతోందనడానికి గుర్తు కావొచ్చు. వెంటనే లేపాలి. లేవకపోతే 108.

ఇంట్లో బీపీ మిషను ఉన్నవాళ్లకు ఒక మాట. మగతగా ఉన్న మనిషికి బీపీ బాగా పెరిగి, నాడి నెమ్మదించిందంటే మెదడు మీద ఒత్తిడి ముదిరిందన్నమాట. బీపీ మాత్ర వేసి తగ్గించాలని చూడకూడదు.

నొప్పికి పారాసిటమాల్ 500 లేదా 650, ఆరు గంటల ఎడంతో, పెద్దవాళ్లకు రోజుకు నాలుగు మాత్రలకు మించకుండా. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, యాస్పిరిన్ వద్దు, అవి నెత్తురు ఆగనివ్వవు. నిద్రమాత్రలు, మద్యం అసలే వద్దు. బొప్పి మీద గుడ్డలో చుట్టిన ఐసు పది పదిహేను నిమిషాలు పెట్టొచ్చు, కాపడం పెట్టి రుద్దకూడదు. గాయంలో కాఫీపొడి, పసుపు కూరితే కుట్లు వేసే ముందు దాన్ని కడిగేసరికి నర్సుకు తల ప్రాణం తోకకొస్తుంది. ఫిట్స్ వస్తే తాళాలగుత్తి చేతిలో పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, నీళ్లు తాగించడం మానేసి, చుట్టూ గట్టి వస్తువులు జరిపి, ఆగగానే ఒక పక్కకు తిప్పండి. తిప్పేటప్పుడు తల, మెడ, వీపు ఒకే వరుసలో కదలాలి.

పిల్లలు

రెండేళ్ల లోపు పిల్లలు నొప్పి చెప్పలేరు. నుదుటి మీద బొప్పి కన్నా, తల పక్కన గానీ వెనక గానీ మెత్తగా ఉబ్బిన వాపు ఎక్కువ అనుమానించదగ్గది. మూడడుగుల పైనుంచి పడటం, పాలు పట్టకపోవడం, ఊరుకోబెట్టినా ఊరుకోని ఏడుపు, మాడు ఉబ్బడం, "మా పాప మామూలుగా లేదు" అని తల్లికి అనిపించడం: ఇందులో ఏ ఒక్కటున్నా చూపించాలి. ఆ చివరిదాన్ని డాక్టర్లు కూడా ఒక లక్షణంగానే లెక్కేస్తారు. తిరుమలలో గుండు చేయించిన పిల్లలకైతే వాపు ఇట్టే కనబడుతుంది. జుట్టున్న తలను వేళ్లతో అంగుళం అంగుళం తడమాలి.

ఎక్కడికి, ఎలా

బయల్దేరే ముందు ఫోనులో రెండే ప్రశ్నలు: సీటీ ఇప్పుడు తీస్తారా, న్యూరోసర్జన్ ఉన్నారా? రెండూ లేని చోటికి పోతే అక్కడ సెలైన్ ఎక్కించి మళ్లీ ఇంకోచోటికి పంపేలోగా విలువైన గంటలు పోతాయి. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు అలిపిరి రోడ్డులో పక్కపక్కనే ఉన్నాయి. చిత్తూరు టౌన్ నుంచి తిరుపతి 70 కిలోమీటర్ల దూరం, వేలూరు అందులో సగం. ఎటు పోవాలన్నది దూరంతో పాటు ఆ ఫోను జవాబును బట్టి తేల్చుకోవాలి. కొండ మీద పడ్డవాళ్లకు తిరుమలలో అశ్విని ఆసుపత్రి ఉంది. మెట్ల దారిలో పడితే మిగిలిన మెట్లు ఎక్కించి మొక్కు పూర్తి చేయించాలని చూడకుండా, దగ్గర్లోని టీటీడీ సిబ్బందికి చెప్పండి.

బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకుపోవద్దు. మెడ ఎముకకు దెబ్బ ఉంటే అది ఆ దారిలోనే ముదురుతుంది. దారిలో కాఫీ, టిఫిను పెట్టకండి. ఆపరేషన్ అవసరమైతే మత్తు ఇవ్వడానికి కడుపు ఖాళీగా ఉంటే మేలు. క్యాజువాలిటీలో దెబ్బ తగిలిన టైము, ఎలా పడ్డాడు, తెలివి తప్పిందా, ఎన్ని వాంతులు, ఏ మాత్రలు, చివర తిన్నదెప్పుడు అని వరసగా చెప్పండి, ఇంట్లో నింపిన కాగితం ఇచ్చేయండి. తాగిన సంగతి, లైసెన్సు లేని సంగతి దాచొద్దు. ఎమ్మెల్సీ, అంటే పోలీసులకు తెలియజేసే మెడికో లీగల్ కేసు, రాసుకుంటారు. పోలీసు కేసనే సాకుతో అత్యవసర చికిత్స ఆపకూడదని 1989లోనే సుప్రీంకోర్టు తేల్చింది. రోడ్డు ప్రమాదమైతే 2025లో వచ్చిన కేంద్ర పథకం కింద గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో 7 రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు నగదు కట్టకుండా వైద్యం ఉంది, కౌంటర్లో అడగండి.

సీటీ మామూలుగా వస్తే

సీటీ చెప్పేది ఆ నిమిషం సంగతే. దెబ్బ తగిలిన అరగంటకే తీస్తే, అప్పటికి మొదలుకాని నెత్తురు అందులో కనబడదు. మొదటి స్కాను బాగున్న వాళ్లలో తర్వాత రక్తస్రావం రావడం అరుదు. అయినా మాత్రల మీద ఉన్నవాళ్లలో, లక్షణాలు పెరుగుతున్న వాళ్లలో రెండోసారి తీయమనడానికి మొహమాటపడొద్దు. "నిన్ననే తీశారు కదా" అన్న మాట దగ్గర ఆగిపోకండి. ఎసిట్రోమ్, వార్ఫరిన్ వాడేవాళ్లకు రక్తం ఎంత పల్చబడిందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష కూడా చూడాలి. తేలికపాటి తలనొప్పి, తిరుగుడు, చిరాకు కొన్నాళ్లు ఉండటం మామూలే, కాకపోతే రోజురోజుకూ తగ్గాలి.

పెద్దవాళ్లకు ఆరు వారాలు

వయసు మీద పడేకొద్దీ మెదడు కుంచించుకుంటుంది. పైపొరకు పోయే సిరలు సాగి బిగుసుకుని ఉంటాయి, చిన్న కుదుపుకే తెగుతాయి. కొట్టం ద్వారబంధానికి తల తగలడం, బాత్రూములో జారి గోడకు ఆనుకోవడం చాలు. నెత్తురు చుక్కచుక్కగా చేరుతుంది. అసలు పడ్డ సంగతే మరిచిపోయాక, మూడు నాలుగు వారాలకు బయటపడుతుంది. కొన్నిసార్లు ఇంకా ఆలస్యంగా.

అది వచ్చే తీరు చాలా మెత్తన. తాత ఒక కాలి చెప్పు దారిలో వదిలేసి వస్తాడు, ఆ కాలు ఈడుస్తున్నాడని ఎవరికీ తట్టదు. అవ్వ పప్పులో ఉప్పు రెండుసార్లు వేస్తుంది. మధ్యాహ్నాలు కూడా పడుకునే ఉంటారు, పక్కలోనే మూత్రం పోతుంది, పొద్దున్నే తల బరువంటారు. "వయసైపోయింది" అని ఇంట్లో, "మతిమరుపు" అని బయట అనేస్తారు. ఒక చెయ్యి పడిపోతే పక్షవాతమని సీటీ తీయకుండానే యాస్పిరిన్ మొదలుపెడితే నెత్తురు ఇంకా ఎక్కువవుతుంది. 60 దాటిన మనిషిలో వారాల్లో నడకో బుద్ధో మారిందంటే, గత మూడు నెలల్లో తల ఎక్కడైనా తగిలిందా అని అడగండి. లేదన్నా సరే, సీటీ తీయకుండా ఏ పేరూ పెట్టనివ్వకండి. పడ్డ రోజును క్యాలెండర్‌లో గుర్తు పెట్టి, ఆరు వారాల పాటు ఆదివారం ఆదివారం పైన చెప్పిన చేతుల పరీక్ష చేసి, వాకిట్లో పదడుగులు నడిపించి చూస్తే చాలు.

దొరికితే దీనికి మంచి చికిత్సే ఉంది. పుర్రెకు చిన్న రంధ్రం చేసి, పాతబడి పల్చగా అయిన నెత్తురును కడిగి, ఒకటి రెండు రోజులు గొట్టం ఉంచుతారు. మాట రానివాళ్లు కొన్ని రోజుల్లోనే లేచి మాట్లాడటం కద్దు. కొందరిలో మళ్లీ చేరుతుంది, కాబట్టి డిశ్చార్జి కాగితంలో రెండో స్కాను తేదీ రాయించుకోండి. ఆపిన రక్తం పల్చబడే మాత్ర మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో న్యూరోసర్జన్‌ని, గుండె డాక్టరుని ఇద్దరినీ అడిగి, ఆ తేదీ కూడా అదే కాగితం మీద రాయించుకోవాలి.