కోవిడ్ వేవ్ డ్యూటీలకు ముందు జూనియర్ డాక్టర్లకు (జూడాలకు) జాగ్రత్తలు: మీ మందు మీరే రాసుకోకండి

మెడికల్ విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై నేషనల్ మెడికల్ కమిషన్ వేసిన టాస్క్ ఫోర్స్ 2024లో ఇచ్చిన రిపోర్టు చూసే ఉంటారు. సర్వేలో పాల్గొన్న పీజీ డాక్టర్లలో 31 శాతం మంది తమకు ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయని చెప్పారు. అది కోవిడ్ వార్డులు మూసేశాక తీసిన లెక్క. మామూలు రోజుల్లోనే ఇలా ఉంటే, మళ్లీ ఓ వేవ్ వచ్చిన రోజు ఏమవుతుందో ఇప్పుడే ఆలోచించాలి.

యోగా చేయండి, వేళకు తినండి అని నేను చెప్పను. అవి మీరే పేషెంట్లకు చెబుతుంటారు. ముఖ్యంగా చెప్పేది ఒక్కటే. నిద్ర పట్టకపోయినా, ఏడుపు ఆగకపోయినా, గుండె దడ తగ్గకపోయినా మీకు మీరే మందు రాసుకోకండి.

ఇది ఎలా మొదలవుతుందో దగ్గర నుంచి చూశాను. నైట్ డ్యూటీ దిగి హాస్టల్‌కి వస్తారు. ఒళ్లు తూలిపోతున్నా కన్ను మూతపడదు, మానిటర్ అలారం చెవుల్లోనే మోగుతుంటుంది. రూమ్మేట్ దగ్గర అల్ప్రజోలం స్ట్రిప్ ఉంటుంది, ఆందోళన తగ్గించి నిద్ర పట్టించే మాత్ర. ఒకటి వేసుకుంటే నిద్ర పడుతుంది, మర్నాడు డ్యూటీకి వెళ్లగలుగుతారు. అసలు ప్రమాదం అదే. డ్యూటీ నడుస్తోంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, మీక్కూడా. కొన్ని వారాలకు ఆ ఒక్క మాత్ర సరిపోదు. ఉన్నట్టుండి మానేస్తే ఉన్న నిద్ర కూడా పోతుంది, వణుకు వస్తుంది, కొందరికి ఫిట్స్ వస్తాయి. లోపలి డిప్రెషన్ మాత్రం ముదురుతూనే ఉంటుంది.

డిప్రెషన్‌కి వాడే యాంటీడిప్రెసెంట్ కూడా అంతే. పని చేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని ఫార్మకాలజీలో చదివినవాళ్లే, పది రోజులకు లాభం లేదని ఆపేస్తారు. 24 ఏళ్ల వరకు ఉన్నవాళ్లకు మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చన్న హెచ్చరిక ఈ మందుల మీద ఉంది. ఇంటర్న్‌షిప్ చేసే చాలామంది హౌస్ సర్జన్లది ఆ వయసే. బైపోలార్ (మూడ్ విపరీతంగా పైకీ కిందకీ మారే జబ్బు) ఉండి బయటపడనివాళ్లు ఇవి వేసుకుంటే మేనియాలోకి, అంటే అదుపు లేని ఉద్రేకంలోకి వెళ్లవచ్చు. థైరాయిడ్, రక్తహీనత, కోవిడ్ తర్వాతి నీరసం కూడా పైకి డిప్రెషన్‌లాగే ఉంటాయి. తన హిస్టరీ తానే తీసుకుని ఇవన్నీ ఎవరూ తేల్చుకోలేరు. ఇవి చెడ్డ మందులని కాదు, సైకియాట్రిస్ట్ చూస్తుండగా వాడి నిలదొక్కుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. అడిగితే స్నేహితుడు రాసిచ్చాడంటారా, అది కూడా మీరు రాసుకున్నట్టే.

సైకియాట్రిస్ట్ దగ్గరకు ఎందుకు వెళ్లరో నాకు తెలుసు. హెచ్‌ఓడీకి (డిపార్ట్‌మెంట్ హెడ్‌కి) తెలుస్తుందని, పెళ్లి సంబంధాలు తప్పిపోతాయని, డాక్టర్‌గా రిజిస్ట్రేషన్‌కి అడ్డొస్తుందని. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాల్సిందే. డిప్రెషన్‌కి మందులు వాడినంత మాత్రాన రిజిస్ట్రేషన్ పోదు. సొంత కాలేజీ ఓపీకి వెళ్లడానికి మొహమాటమైతే బయట చూపించుకోండి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆస్పత్రులు ఉన్నాయి. ఎర్రగడ్డ పేరు చెప్పి జోకులేసే అలవాటు ముందు మన డాక్టర్లే మానాలి.

వేవ్ రాకముందే ఎవరి దగ్గరకు వెళ్లాలో నిర్ణయించుకుని నంబర్ ఫోన్‌లో పెట్టుకోండి. రోస్టర్ వేసేటప్పుడే పని గంటల గురించి అడగండి. ఏకధాటి డ్యూటీ మామూలుగా 12 గంటలు దాటకూడదని 1992లోనే కేంద్రం చెప్పింది. వారానికి 74 గంటలు మించొద్దని, ఒక రోజు సెలవు ఉండాలని 2024 టాస్క్ ఫోర్స్ చెప్పింది. 2021లో పీజీ సీట్ల పరీక్ష నీట్ పీజీ ఏప్రిల్ నుంచి సెప్టెంబర్‌కి పోయి, కౌన్సెలింగ్ 2022 జనవరి దాకా మొదలే కాలేదు. కొత్త బ్యాచ్ రాక, మూడు బ్యాచ్‌ల పని రెండు బ్యాచ్‌ల మీద పడింది. అప్పుడు అలిసిపోయినవాళ్లు అసమర్థులు కారు, మనుషులే తక్కువ.

ఇక ఇవి గుర్తుపెట్టుకోండి.

24 గంటలు నిద్ర లేకపోతే బండి ముట్టుకోవద్దు. రక్తంలో 0.10 శాతం ఆల్కహాల్ ఉన్నవాడితో సమానం, మన చట్టం ఒప్పుకునేది 0.03.

పేషెంట్ చనిపోయారని ఇంటివాళ్లకు చెప్పడానికి ఒంటరిగా వెళ్లొద్దు. 2020 జూన్‌లో హైదరాబాద్ గాంధీ ఆస్పత్రిలో జూడా మీద జరిగిన దాడి మరిచిపోవద్దు.

వార్డు స్టాక్‌లోంచి ఒక్క ఇంజెక్షన్ ఆంప్యూల్ కూడా హాస్టల్ గదికి రాకూడదు.

నిద్రమాత్ర వేసుకుని తాగొద్దు. తాగి నిద్రమాత్ర వేసుకోవద్దు.

క్వారంటైన్‌లో ఉన్న బ్యాచ్‌మేట్‌కి రోజూ వీడియో కాల్ చేయాలి. మెసేజ్ చాలదు.

ఎవరైనా ఉన్నట్టుండి మాటలు తగ్గించినా, తన వస్తువులు పంచిపెడుతున్నా సూటిగా అడగండి: చనిపోవాలనిపిస్తోందా? అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. అవునంటే వదిలి వెళ్లొద్దు. దగ్గరున్న మందులు తీసేయండి. అప్పుడే సైకియాట్రీకి తీసుకెళ్లండి.

మానసిక సాయం కోసం ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416. ఉచితం, రాత్రీ పగలూ, తెలుగులోనూ మాట్లాడతారు.

హెచ్‌ఓడీలూ, రౌండ్స్‌లో "మా రోజుల్లో" అనడం ఆపండి. సెలవు అడిగినవాణ్ణి అందరి ముందు కారణం అడగొద్దు.

మళ్లీ చెబుతున్నాను, మీ మందు మీరే రాసుకోవద్దు. ఇప్పటికే వాడుతుంటే ఒక్కసారిగా ఆపొద్దు. ఆ స్ట్రిప్ పట్టుకుని రేపు పొద్దున్నే ఓపీకి వెళ్లండి, రోజుకు ఎన్ని వేసుకుంటున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి.